దొర 1:6

ఎలిశిబాకు పదమూడేళ్ళు. మెదక్ చర్చి కాంపౌండులో ఆ పిల్ల ఎదురొస్తే పక్కకు తప్పుకోని మనిషి లేడంటే నమ్మండి. తిట్టేది కాదు, కొట్టేది కాదు, ఒకరి జోలికి పోయేది కాదు. ఎవరేం మాట్లాడినా "ఏ వచనంలుంది?" అని అడిగేది, అంతే. వాన వచ్చేటట్టుందన్నా అడిగేది, పచ్చిపులుసులో ఉప్పు సరిపోయిందన్నా అడిగేది. జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా ఆ పిల్లకు జవాబు చెప్పలేక తల గోక్కుంటూ నిలబడేవాళ్ళు.

ఈ రోగం అంటించింది నిర్మలమ్మ టీచరు. మిషన్ ఆడపిల్లల బడిలో ఏడో తరగతికి తెలుగు చెప్పేది. పాఠం చదివి జవాబు రాయమంటే పాఠంలో లేనివన్నీ రాసే పిల్లలను చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోయేది. నక్క కథ ఇచ్చి నక్క ఎటువంటిదని అడిగితే పదకొండుమందీ "నక్క జిత్తులమారి" అని రాశారు. ఆ కథలో నక్క పాపం కాలికి ముల్లు గుచ్చుకుని కథంతా మూలుగుతూనే ఉంది. "ఏమే, జిత్తు ఎక్కడ కనబడ్డదే మీకు?" అని నెత్తి కొట్టుకుంది టీచరు.

ఆ మర్నాడు ఆదివారం బడిలో వాక్యాల పందెం. అధ్యాయం, వచనం నంబరు చెప్పగానే పిల్లలు గబగబా పుటలు తిప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టాలి, ముందు పెట్టినవాళ్ళు గెలిచినట్టు. బడిలో ఆవులిస్తూ కూర్చునే తన విద్యార్థినులే ఇక్కడ బెంచీల మీద నుంచి ఎగిరి ఎగిరి పడుతుంటే నిర్మలమ్మ చూసింది. చూసి, సోమవారం పొద్దున్నే వాచకంలో ప్రతి వాక్యానికీ పెన్సిలుతో నంబరు వేయించింది. ఇక నుంచి జవాబుకు మూడు మెట్లు అంది. ముందు నీ మాట. తర్వాత దానికి పాఠంలోంచి సాక్ష్యం, వచనం నంబరుతో సహా. ఆ తర్వాత, ఆ సాక్ష్యం నీ మాటకు ఎట్లా సరిపోతుందో. మూడింట్లో ఏ ఒక్కటి లేకున్నా సున్నా.

అబ్బో, ఇక చూడాలి ఆ తరగతి! తెలుగు గంట కొడితే చాలు, పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పుటలు తిప్పేవాళ్ళు. రజాకార్ల భయంతో టేక్మాల్ నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉంటున్న గోదావరి అనే పిల్ల హిందువులది. అదివరకు వచనం అంటే ఏమిటో ఎరగదు. పదిరోజుల్లో ఆమె కూడా మొదటి అధ్యాయం ఆరో వచనం అని ఒక్క గుక్కలో చెప్పడం నేర్చింది. ఎలిశిబా సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ పిల్ల ఇంటి గోడ మీద అంటించిన పాత కాగితాలకు కూడా నంబర్లు వేసింది. తల్లి కమలమ్మ పొద్దున తిట్టిన రెండో తిట్టులో మూడో ముక్కను "అమ్మ 2:3" అని తండ్రికి ఫిర్యాదు చేసింది. తండ్రి లాజరు చర్చిలో బల్లలు, కుర్చీలు బాగుచేసే వడ్రంగి. చదువు రాదు. నవ్వాలో కోప్పడాలో తెలియక చిత్రిక పట్టడంలో పడిపోయాడు.

ఇంత సరదాలోనూ ఒక ముల్లు ఉంది. టీచర్ల ట్రైనింగు స్కూల్లో ఆ బడికి ఏటా ఒక్క సీటు. తిండీ, పడకా, పుస్తకాలూ అన్నీ వాళ్ళవే. ఏడో తరగతి పిల్లలకు ఇన్స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టి ఆ ఒక్కరిని ఎంచుతాడు. లాజరు కూతురికి ఖరాకండిగా చెప్పేశాడు. సీటు వస్తే వెళ్ళు, కాదననను. రాకపోతే అల్లాదుర్గ్ పోయి పిన్ని దగ్గర ఉండి చేను పని చేసుకో. ఇంట్లో ఇంకా నలుగురు చిన్నవాళ్ళున్నారు, అతను మాత్రం ఏం చేస్తాడు? ఎలిశిబా ప్రాణమంతా ఆ సీటు మీదే ఉంది. సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల పక్కన నిలబడాలి, నలభైమంది పిల్లలను ఏ వచనంలో ఉందని అడగాలి, అడిగినందుకు జీతం కూడా తీసుకోవాలి. ఇంతకన్నా గొప్ప ఉద్యోగం లోకంలో ఉంటుందని ఆ పిల్లకు తోచలేదు.

ఆ ఏడు, అంటే పందొమ్మిది వందల నలభై ఎనిమిది సెప్టెంబరులో, ఒక శుక్రవారం ఇన్స్పెక్టరు మదన్ మోహన్ సాబ్ దిగాడు. నల్ల షేర్వానీ, నెత్తిన నిజాం అధికారులు పెట్టుకునే, కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ. పరీక్ష మరో పదిరోజులకు, సోమవారం నాడు అని చెప్పి, నిర్మలమ్మను పక్కకు పిలిచి ఒక మంచి మాట కూడా చెప్పాడు. పాఠం సీలు వేసిన కవరులో ఉంటుంది, అది చెప్పకూడదు. కానీ ఏటా అదే పాఠం, దానికి ఏటా ఒకటే జవాబు: దొర దయాళువు. ఆ ముక్క పిల్లలచేత కంఠతా పట్టించమన్నాడు. పాఠం తెలియకుండా జవాబు ఎట్లా పట్టించాలండీ అని టీచరు అడిగితే, ఇరవై ఏళ్ళ నుంచి అట్లాగే జరుగుతోందమ్మా అని ఆయన చాలా ప్రేమగా చెప్పాడు.

ఇన్స్పెక్టరు అటు పోయాడో లేదో, సోమవారం పొద్దున ఇండియన్ యూనియన్ సైన్యం నిజాం సరిహద్దు దాటిందని ఊరంతా గుప్పుమంది. బడి మూశారు. జనం మూటలు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. రోజుకో పుకారు కాదు, పూటకు పది. ఎలిశిబాకు మాత్రం పండగే పండగ. పలక మీద మూడు గళ్ళు గీసింది: మాట, సాక్ష్యం, ఎందుకంటే. పలక చంకలో పెట్టుకుని కాంపౌండంతా తిరిగింది, వెనకాల గోదావరి.

చర్చి గంట కొట్టే పేతురు తాత, ట్యాంకులు రామాయంపేటలో ఉన్నాయని బల్లగుద్ది చెప్పాడు. చూశావా విన్నావా అని ఇద్దరు పిల్లలూ చెరోపక్క నిలబడి అడిగారు. విన్నాడట. కూరగాయలామె చెప్పిందట. ఆమెకు బండివాడు చెప్పాడట. బండివాడు ఆ పూట అసలు రామాయంపేట వైపే పోలేదని తేలేసరికి తాతకు కోపం వచ్చి, గంట తాడు పట్టుకుని ఇంకో పిల్లను దగ్గరికి రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. అయిదు రోజుల్లో పలక మీదికి ఇరవై రెండు పుకార్లు ఎక్కితే సాక్ష్యం గడిలోకి ఒక్కటే ఎక్కింది: విమానం పోయింది, ముప్పైమంది చూశారు, పేతురు తాత మంచం కిందికి దూరాడు.

శుక్రవారం సాయంత్రం, నిజాము లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. ఇది మాత్రం నిజమేనని అందరి మొహాలూ చెబుతున్నాయి. ఊళ్ళో డప్పులు మోగాయి, మిఠాయి పంచారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కావలించుకున్నారు. ఎలిశిబా, గోదావరి చేతులు పట్టుకుని కళ్ళు తిరిగేదాకా గిర్రున తిరిగారు. కొన్ని ఇళ్ళ తలుపులు మాత్రం తెరుచుకోలేదు. అది కూడా ఎలిశిబా పలక మీద రాసింది గానీ, ఎందుకంటే అన్న గడిలో ఏం రాయాలో తెలియక వదిలేసింది.

ఇంత గందరగోళంలో పరీక్ష ఎక్కడిది, ఇన్స్పెక్టరు ఎక్కడివాడు అనుకున్నారందరూ. లాజరు బుధవారానికి అల్లాదుర్గ్ బండి కూడా మాట్లాడాడు. ఎలిశిబా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సోమవారం, చెప్పిన తేదీ. పిల్లలందరూ ఊరికే బడి వరండాలో చేరారు. పదకొండు గంటలకు, వాన తుంపరలో, మోకాళ్ళదాకా బురదతో నడుచుకుంటూ మదన్ మోహన్ సాబ్ వచ్చాడు.

అదే కళ్ళజోడు, అదే సంచి, అదే షేర్వానీ. టోపీ మాత్రం తెల్లటి ఖద్దరు టోపీ. కొత్తది. మడత గీతలు కూడా పోలేదు. బస్సులు లేవు కదా, రామాయంపేట నుంచి ఎద్దుల బండి మీద బయలుదేరితే అది దారిలో దిగబడిందట. గేటు దగ్గరే నిలబడి, లోపల ఎవరెవరున్నారమ్మా, కొత్తవాళ్ళెవరైనా వచ్చారా అని నిర్మలమ్మను మూడుసార్లు అడిగి, అప్పుడు గడప దాటాడు.

లోపలికి వచ్చి కవరు సీలు పగలగొట్టాడు. పిల్లలకు తలా ఒక కాగితం పంచి గొంతు సవరించుకున్నాడు. పోయిన శుక్రవారం కాక అంతకుముందు శుక్రవారం తాను ఒక జవాబు చెప్పిన మాట నిజమేననీ, అయితే ఇప్పుడు ప్రభుత్వం మారింది గనక ఆ జవాబు చెల్లదనీ, దొర దుర్మార్గుడు అని రాయాలనీ చెప్పాడు. పాఠం మారిందా సార్ అని గోదావరి అడిగింది. పాఠం అదేనమ్మా, జవాబే మారింది అన్నాడాయన. వెనక బెంచీలో కిసుక్కుమని మొదలైన నవ్వు ముందు బెంచీ దాకా పాకింది. నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

పదిమంది "దొర దుర్మార్గుడు" అని చక్కగా రాసి కలాలు కింద పెట్టారు. ఏటా వచ్చే జవాబు కాస్తా తిరగబడింది కానీ పని తేలికే కదా. ఎలిశిబా మాత్రం పాఠానికి నంబర్లు వేసుకుంటూ కూర్చుంది. తొమ్మిది వాక్యాలు. ఊళ్ళో మూడేళ్ళు వాన లేదు. దొర తన చేనులో బావి తవ్వించాడు. నలభైమంది రెండు నెలలు తవ్వారు. నీళ్ళు పడ్డాయి. ఇట్లా పోయింది. ఆ పిల్ల చెయ్యి ఆపకుండా రాసింది: "దొర నీళ్ళిచ్చిన మనిషే, కానీ గుర్రాల తర్వాత. సాక్ష్యం: దొర 1:6, గుర్రాలు ముందు తాగాయి. దొర 1:7, తర్వాత ఊరంతా తాగింది. దొర 1:8, బావికి తాళం పెట్టలేదు. తవ్విన నలభైమందికి కూలి ఇచ్చాడో లేదో ఏ వచనంలోనూ లేదు. కాబట్టి మంచివాడు, చెడ్డవాడు అని ఒక్క మాటలో చెప్పడానికి ఈ పాఠం చాలదు."

ఇన్స్పెక్టరు ఆ కాగితం చదివి తెల్లమొహం వేశాడు. నిర్మలమ్మను దగ్గరికి పిలిచి, ఈ ఒకటి ఆరు, ఒకటి ఏడు అంటే ఏమిటి, సంగమోళ్ళ గుప్త గుర్తులు గానీ కావు కదా అని తరగతంతా వినబడేంత గుసగుసగా అడిగాడు. ఊళ్ళలో కమ్యూనిస్టుల పేరు చెబితే అధికారులకు నిద్ర పట్టని రోజులవి. టీచరు నవ్వు ఆపుకోలేక, ఆపుకుంటూ, వాక్యాల పందెం సంగతి మొత్తం చెప్పింది. ఆయనకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు కోపం కూడా వచ్చింది.

"నిలబడు బిడ్డా. దొర మంచోడా, చెడ్డోడా? ఒక్క మాట చెప్పు, సీటు రాసిస్త."

ఎలిశిబా లేచి నిలబడింది.  సీటు చేతికి అందేంత దూరంలో ఉంది. ఒక్క మాట, ఏ మాటైనా చాలు. వరండాలో విరిగిన బెంచీ బాగుచేస్తున్న లాజరు సుత్తి ఆపి కిటికీలోంచి చూస్తున్నాడు. ఎంత బతిమాలుకున్నా ఆ మాట నోట్లోంచి రాలేదు. వచ్చింది పాత రోగమే.

"ఏ వచనంలుంది సార్?"

 మదన్ మోహన్ సాబ్ కళ్ళజోడు పెట్టుకుని పాఠం చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, చదవడం మొదలుపెట్టాడు. చదివాడు, మళ్ళీ చదివాడు. అప్పుడు తెలిసింది అందరికీ, ఇరవై ఏళ్ళ నుంచి కవర్లు పంచుతున్న ఆ మనిషి పాఠాన్ని ఎన్నడూ చదవలేదని. ఆరో వాక్యం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "గుర్రాలు" అని తనలో తను అనుకున్నాడు.

ఒప్పుకుంటే పోయేది. కానీ పిల్లల ముందు ఇన్స్పెక్టరు ఒప్పుకుంటాడా? కాగితం పక్కన పెట్టి ఇంకో పరీక్ష పెట్టాడు.

"అన్నిటికి సాక్ష్యమంటవ్ గద. సరే, దొర సంగతి ఇడిసిపెట్టు. నేనెసొంటి మనిషినో రాయి. పావుగంట టైం. మంచిగ రాస్తెనే సీటు."

 నిర్మలమ్మ ఇన్స్పెక్టరు వీపు వెనక నిలబడి, దయాళువని రాయవే తల్లీ అని పెదవులతో బతిమాలింది. గోదావరి బెంచీ కింద నుంచి కాలు తొక్కింది. కిటికీలోంచి లాజరు రెండు చేతులూ జోడించాడు. దేవుడికో, కూతురికో తెలియదు. ఎలిశిబా అందరినీ చూసింది. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే ఎందుకో నవ్వు కూడా వచ్చింది. ఇన్ని రోజులు అందరినీ పట్టుకుని అడిగింది, ఇప్పుడు తనను పట్టుకుని అడుగుతున్నారు. కలం తీసుకుంది. ఒకసారి రాయడం మొదలుపెట్టాక ఆ పిల్లకు చుట్టూ ఎవరున్నారో కూడా గుర్తులేదు.

పావుగంట కాకముందే ఇన్స్పెక్టరు కాగితం లాక్కున్నాడు. అందరూ వినాలి అన్నట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఇన్స్పెక్టరు సారు భయపడుతున్న మనిషి. సాక్ష్యం: సారు 1:1, గేటు దగ్గర లోపల ఎవరున్నారని మూడుసార్లు అడిగారు. 1:2, నంబర్లు చూసి గుప్త గుర్తులనుకున్నారు. 1:3, కొత్త టోపీ నెత్తిన ఉంది, పాత టోపీ సంచిలో ఉంది, కుచ్చు బయటికి కనబడుతోంది. ఎందుకంటే, భయం లేని మనిషికి ఒక్క టోపీ చాలు."

అంతవరకు చదివి ఆగిపోయాడు.  పదిమంది పిల్లల కళ్ళూ సంచి వైపు తిరిగాయి. నిజమే, ఎర్ర టోపీ కుచ్చు సంచి మూతి దగ్గర వేలాడుతోంది. ఆయన మిగతాది మనసులో చదువుకున్నాడు. అక్కడ ఇంకో నాలుగు వరసలున్నాయి. "కానీ సారు మాట తప్పని మనిషి కూడా. సాక్ష్యం: 1:4, ఇయ్యాల రాకపోయినా ఎవరూ అడగకపోయేది. 1:5, బండి దిగబడితే వెనక్కి పోకుండా బురదలో నడిచి వచ్చారు. ఎందుకంటే, భయం ఉండి కూడా వచ్చినవాళ్ళు మాట కోసమే వస్తారు. ఈ రెండూ నిజమే గనక ఒక్క మాటలో చెప్పలేను."

 మదన్ మోహన్ సాబ్ సంచిలో చెయ్యి పెట్టి ఎర్ర టోపీ బయటికి తీశాడు. నెత్తి మీది తెల్ల టోపీ తీసి దాని పక్కన పెట్టాడు. బట్టతల మీద చెయ్యి రాసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మొదట గొంతులోనే, తర్వాత పొట్ట అదిరేలా, తర్వాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా. ఆయన నవ్వు చూసి గోదావరి నవ్వింది, గోదావరిని చూసి మిగతా పిల్లలు, వాళ్ళను చూసి నిర్మలమ్మ. కిటికీ అవతల లాజరు ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే నవ్వాడు.

"వారం దినాల సంది అందరు నన్ను ఎవరి దిక్కున్నవని అడిగిండ్రు గని, భయమైతుందా అని ఒక్కరన్న అడగలే బిడ్డా" అన్నాడాయన నవ్వు తగ్గాక. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

సంచిలోంచి సీటు ఫారం తీశాడు. పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు. చివర ఒక గడి ఉంది: ఎంపికకు ఆధారం. ఇరవై ఏళ్ళ నుంచి ఆ గడిలో "యోగ్యురాలు" అని ఒక్క మాట రాసి పంపుతున్నాడు. కలం పట్టుకుని ఆగాడు. ఎలిశిబా జవాబు కాగితాన్ని మడిచి షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ బయటికి తీశాడు. మడత విప్పి, గుండుసూది కోసం వెతికి, ఆ కాగితాన్ని ఫారానికి గుచ్చాడు.

నిర్మలమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ ఫారం పట్నంలో పై అధికారుల దగ్గరికి పోతుంది. ఎవరు కొత్త అధికారులో, ఎవరిని ఉంచుతారో, ఎవరిని ఇంటికి పంపుతారో తెలియని రోజులు. అందులో మొదటి వాక్యమే ఇన్స్పెక్టరు భయపడుతున్న మనిషి అని, తర్వాత రెండు టోపీల సంగతి. సార్, అది అక్కడికి పంపకండి, మీ ఉద్యోగానికి ఎసరు వస్తుందని టీచరు చెప్పబోయింది. ఆయన తల ఎత్తకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తాను పెట్టిన పరీక్షకు వచ్చిన జవాబుల్లో సాక్ష్యం ఉన్నది ఇదొక్కటే కదా, ఇంకేది పంపమంటావమ్మా అన్నాడు.

ఎలిశిబా ఇదంతా నోరు తెరుచుకుని చూస్తోంది. గుండుసూది కాగితంలోకి దిగడం చూసింది, ఆయన చెయ్యి వణకకపోవడం చూసింది. చూసిందో లేదో బెంచీ దాటి ఒక్క దూకులో బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, జర ఆగుండ్రి. ఆ కాయితం ఇటియ్యుండ్రి. మొదటి మాట తప్పయింది."

మదన్ మోహన్ సాబ్ ఫారం కింద సంతకం చేశాడు. తేదీ వేశాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

"టైం అయిపోయింది బిడ్డా" అన్నాడు.

సీటు వచ్చిందని అరుస్తూ పిల్లలు మీద పడ్డారు. లాజరు సుత్తితో సహా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. ఎలిశిబాకు ఆ సంగతి ఇంకా తలకెక్కనే లేదు. ఒక్క వచనం కలపాలి సార్, ఒక్కటే అని ఆయన వెంట గేటు దాకా బతిమాలుతూ పోయింది.